మీ ప్రశ్నలు – చరిత్ర జవాబులు: ఫ్రెంచి విప్లవం, నెపోలియన్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫ్రాన్సు గురించే. సందేహాలు రకరకాలుగా ఉన్నా చాలావాటికి మూలం ఒక్కటే. పాత కొలతను కొత్త కొలత అనుకోవడం, పాత తేదీని మన తేదీ అనుకోవడం. అందుకని ఈసారి లెక్కలు దాటవేయకుండా చేసి చూపిస్తున్నాం. కాగితం, కలం దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: నెపోలియన్ ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలే అని చదివాను. మరీ అంత పొట్టివాడా? (అనకాపల్లి నుంచి ఒక విద్యార్థి)

కాదు. అంకె సరైనదే, కానీ అది ఏ దేశపు అడుగో చూడాలి. 1821లో సెయింట్ హెలెనా దీవిలో శవపరీక్షప్పుడు రాసుకున్న ఎత్తు 5 అడుగుల 2 అంగుళాల 4 లైన్లు. లైను అంటే అంగుళంలో పన్నెండో వంతు. ఇవన్నీ పాత ఫ్రెంచి కొలతలు. మనకు తెలిసిన ఇంగ్లీషు అడుగు 30.48 సెం.మీ. అయితే, ఫ్రాన్సులో ‘రాజు అడుగు’ 32.48 సెం.మీ. దాని అంగుళం 2.707 సెం.మీ. ఇక కూడండి: అడుగులకు 162.4, అంగుళాలకు 5.4, లైన్లకు 0.9. మొత్తం 168.7 సెం.మీ. మన లెక్కలో సుమారు అయిదడుగుల ఆరున్నర అంగుళాలు. అదే అంకెను ఇంగ్లీషు అడుగుల్లో చదివితే 157.5 వస్తుంది. అంటే పదకొండు సెంటీమీటర్లు కాగితం మీదే మాయమయ్యాయి.

ఆ కాలపు ఫ్రెంచి సైన్యంలో చేరే యువకుల సగటు ఎత్తు కంటే ఇది తక్కువేమీ కాదు. పొట్టివాడన్న పేరును స్థిరపరిచింది లండన్ వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్రే బొమ్మలు. దానికి తోడు, నెపోలియన్ చుట్టూ ఉండే గార్డు దళంలో ఎత్తు చూసి ఏరుకున్న మనుషులే ఉండేవారు, పైగా వాళ్ల నెత్తిన నిలువెత్తు ఎలుగుబంటి తోలు టోపీలు.

ప్రశ్న: పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘18 బ్రూమేర్’, ‘9 తెర్మిదోర్’ అని తేదీలు కనిపిస్తాయి. వీటిని మన తేదీల్లోకి మార్చే పద్ధతి ఉందా? (కరీంనగర్ నుంచి ఒక అభ్యర్థి)

ఉంది. పది నిమిషాలు కూర్చుంటే వచ్చేస్తుంది. ముందు ఆ క్యాలెండరు కట్టుబడి చూద్దాం. విప్లవ ప్రభుత్వం 1793 చివర్లో దీన్ని ప్రవేశపెట్టి, రిపబ్లిక్ ఏర్పడిన 1792 సెప్టెంబరు 22ను మొదటి సంవత్సరపు మొదటి రోజుగా వెనక్కి లెక్కగట్టింది. నెలలు పన్నెండు, ప్రతి నెలకూ సరిగ్గా 30 రోజులు. ఏడాది చివర 5 అదనపు రోజులు, కొన్నేళ్లకు 6.

నెలల పేర్లు వరుసగా: వాందెమియేర్, బ్రూమేర్, ఫ్రిమేర్, నివోజ్, ప్లువియోజ్, వాంతోజ్, జెర్మినాల్, ఫ్లోరెయాల్, ప్రెరియాల్, మెసిదోర్, తెర్మిదోర్, ఫ్రుక్తిదోర్. ఇవి ద్రాక్షకోత, పొగమంచు, గడ్డమంచు, హిమం, వాన, గాలి, మొలక, పూత, పచ్చిక, కోత, ఎండ, పండు అన్న మాటల నుంచి పుట్టినవి. మూడేసి నెలలకు ఒకే తోక ఉంటుంది గమనించండి. ‘ఏర్’ శరత్తు, ‘ఓజ్’ చలికాలం, ‘ఆల్’ వసంతం, ‘ఓర్’ వేసవి. తోక చూసి ఋతువు చెప్పేయవచ్చు.

ఇక మార్చే పద్ధతి. పూర్తయిన నెలల సంఖ్యను 30తో గుణించి, తేదీని కలపండి. అది ఆ ఏడాదిలో ఎన్నో రోజో తెలుస్తుంది. అందులోంచి ఒకటి తీసేసి, ఆ సంవత్సరం మొదలైన మన తేదీకి కలపండి. ఉదాహరణకు 8వ సంవత్సరం 18 బ్రూమేర్. బ్రూమేర్ రెండో నెల గనుక పూర్తయినది ఒకటే: 30 + 18 = 48, ఒకటి తీస్తే 47. ఎనిమిదో సంవత్సరం 1799 సెప్టెంబరు 23న మొదలైంది. సెప్టెంబరులో 7 రోజులు, అక్టోబరులో 31, మిగిలినవి 9. జవాబు 1799 నవంబరు 9. నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్న కుట్ర మొదలైన రోజు అదే. ఇదే లెక్క చేస్తే 2వ సంవత్సరం 9 తెర్మిదోర్ (ఆ ఏడాది 1793 సెప్టెంబరు 22న మొదలైంది) 1794 జులై 27 అవుతుంది. విప్లవ నాయకుడు రోబెస్పియర్ అధికారం నుంచి పడిపోయిన రోజది.

తప్పులు జరిగేది రెండుచోట్ల. మొదటిది, అన్ని సంవత్సరాలూ సెప్టెంబరు 22నే మొదలవుతాయనుకోవడం. ఏడాది ఆరంభాన్ని పారిస్‌లో శరద్విషువత్తు (శరత్తులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) ఎప్పుడు పడుతుందో గణించి నిర్ణయించేవారు. ఉగాది ఫలానా తేదీన అని గుడ్డిగా చెప్పలేక పంచాంగం చూసుకుంటామే, అలాగన్నమాట. 1, 2, 3, 5, 6, 7 సంవత్సరాలకు 22. 4వ ఏటికీ, 8 నుంచి 11 వరకూ, 13, 14లకూ 23. 12వ ఏటికి ఒక్కదానికే 24. ఈ వరుస రాసిపెట్టుకోండి. రెండోది ఫిబ్రవరి. 12వ సంవత్సరం 30 వాంతోజ్‌ను మార్చేటప్పుడు 1804 లీపు సంవత్సరమని మరిచిపోతే మార్చి 22 వస్తుంది. అసలు జవాబు మార్చి 21. ఆ తేదీ కింద మళ్లీ పనికొస్తుంది.

ఇంత పద్ధతిగా ఉన్న క్యాలెండరు ఎందుకు నిలవలేదు? ఏడు రోజుల వారం తీసేసి పది రోజుల ‘దెకాద్’ పెట్టారు, పదో రోజు సెలవు. ఏడాదికి 52 ఆదివారాలు పోయి 36 సెలవులు మిగిలాయి. కూలివాడికి అది ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు అన్న గడియారమైతే 1795లోనే అటకెక్కింది. క్యాలెండరును 1806 జనవరి 1 నుంచి నెపోలియన్ రద్దు చేశాడు.

ప్రశ్న: “రొట్టె లేకపోతే కేకు తినండి” అని ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ నిజంగా అన్నదా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

అన్నదనడానికి ఆధారం లేదు. ఆ మాట రచయిత రూసో తన ఆత్మకథలో ‘ఒక గొప్ప రాకుమారి’ పేరున రాశాడు, అదీ కేకు కాదు, బ్రియోష్ అనే వెన్నరొట్టె. అతను ఆ భాగం రాసే నాటికి ఆమె ఇంకా వియన్నాలో పదేళ్ల వయసు పిల్ల. ఫ్రాన్సుకు కోడలిగా వచ్చింది 1770లో.

కానీ రొట్టె సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. 1788 జులై 13న పడిన వడగళ్ల వాన పారిస్ చుట్టుపక్కల పంటను నాశనం చేసింది. మామూలుగా 8, 9 సూలు (సూ అంటే ఆనాటి ఫ్రెంచి చిల్లర నాణెం) ఉండే నాలుగు పౌన్ల రొట్టె (సుమారు 2 కిలోలు) 1789 ఫిబ్రవరి నుంచి జులై దాకా పధ్నాలుగున్నర సూలకు అమ్మింది. ఆ రోజుల్లో పారిస్ కూలీకి దినభత్యం 20 నుంచి 30 సూలు. ఇంట్లో నలుగురుంటే సంపాదనలో సగం పైగా రొట్టెకే. బాస్తీయ్ కోట కూలిన జులై 14 సరిగ్గా ఆ ధర మండుతున్న వారాల్లో వస్తుంది.

ఖజానా ఖాళీ అవడానికి రాణి నగలు, విందులే కారణమన్నది కూడా లెక్కకు నిలవదు. 1788లో ప్రభుత్వ ఖర్చు 62.9 కోట్ల లీవ్రులు (ఆనాటి ఫ్రెంచి డబ్బు), రాబడి 50.3 కోట్లు. ఖర్చులో 31.8 కోట్లు, అంటే సగం, పాత అప్పుల వడ్డీలు, కిస్తీలు. రాజదర్బారు ఖర్చు దాదాపు ఆరు శాతం. ఆ అప్పుల్లో పెద్ద భాగం బ్రిటన్‌ను దెబ్బతీయడానికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దిగినందువల్ల పేరుకున్నవి.

ప్రశ్న: రష్యాలో నెపోలియన్‌ను ఓడించింది చలే కదా? (వరంగల్ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

మాస్టారూ, ఇది తరగతి గదుల్లో ఎంతగా స్థిరపడిపోయిందంటే, దీన్ని కదిలించడానికి కాస్త విపులంగా చెప్పాలి.

1869లో షార్ల్ జోసెఫ్ మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు గీసిన పటం ఒకటుంది. సైన్యం నడిచిన దారిని గీతగా వేసి, మిగిలిన జనాన్ని బట్టి ఆ గీత మందం తగ్గించుకుంటూ పోయాడు. రష్యా సరిహద్దులోని నీమెన్ నది దగ్గర 4,22,000. మాస్కోలో 1,00,000. తిరిగి నీమెన్ దాటినవాళ్లు 10,000. నది దాటడం మొదలుపెట్టింది 1812 జూన్ 24న, మాస్కో చేరింది సెప్టెంబరు 14న. అంటే ఒక్క మంచురవ్వ రాలకముందే, నడి వేసవిలో, గీత నాలుగో వంతుకు సన్నబడింది. వాళ్లంతా చనిపోయారని కాదు. కొందరు దారి కాపలాకు, ప్రధాన సైన్యానికి పక్కల నడిచే దళాలకు విడిపోయారు. కానీ రోగాలతో, ఆకలితో పోయినవాళ్లు, పారిపోయినవాళ్లు లెక్కకు మిక్కిలి.

ఎందుకలా? బండ్ల దగ్గర మొదలైంది. ప్రతి సైనికుడి సంచిలో నాలుగు రోజుల తిండి, వెనక బండ్లలో ఇరవై రోజుల తిండి అని ఏర్పాటు. ఆ బండ్లు పశ్చిమ ఐరోపా రాతి రోడ్లకు తయారైన బరువైనవి. లిథువేనియా మట్టిదారుల్లో తొలి వారంలోనే కుంభవృష్టి కురిసి ఇరుసుల దాకా దిగబడ్డాయి. గుర్రాలకు ఓట్స్ దాణా లేక పండని పచ్చి రై ధాన్యపు పైరు మేపారు. కడుపు ఉబ్బి వేలకు వేలు చచ్చాయి. గుర్రం లేకపోతే బండి లేదు, బండి లేకపోతే పిండి లేదు. సైనికులు ఊళ్ల మీద పడ్డారు. వెనక్కి తగ్గుతున్న రష్యన్లు ఊళ్లను ముందే ఖాళీ చేశారు, కొన్నిటిని తగలబెట్టారు. మురికినీళ్లతో రక్తవిరేచనాలు, ఒంటి పేలతో టైఫస్ వంటి జ్వరాలు. 2001లో విల్నియస్ నగరంలో ఈ సైనికుల సామూహిక సమాధి బయటపడింది. ఎముకలతో పాటు దొరికిన పేలలోనూ, పుర్రెల పంటి గుజ్జులోనూ పేల ద్వారా సోకే జ్వరాల సూక్ష్మజీవుల ఆనవాళ్లు దొరికాయి.

రెండో తప్పు మాస్కోలో అయిదు వారాలు కూర్చోవడం. రష్యా చక్రవర్తి (జారు) అలెగ్జాండర్ సంధికి వస్తాడని ఎదురుచూసి, రాక, అక్టోబరు 19న బయలుదేరాడు. దక్షిణాన తిండి దొరికే దారి పట్టబోతే 24న మలోయరోస్లావెత్స్ దగ్గర రష్యన్లు అడ్డుకున్నారు. దాంతో వచ్చేటప్పుడు తామే ఊడ్చేసిన స్మోలెన్స్క్ దారినే మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. చలి దెబ్బ మొదలైంది నవంబరులో, అప్పటికే సగం చచ్చిన సైన్యం మీద. అక్కడ కూడా చిన్న వస్తువు పెద్ద నష్టం చేసింది: మంచు మీద జారకుండా పట్టు ఇచ్చే మొలలు ఫ్రెంచి గుర్రాల లాడాలకు లేవు. నెపోలియన్ గుర్రపుశాలల అధికారి కొలాంకూర్ ముందుచూపుతో చక్రవర్తి సొంత గుర్రాలకు మాత్రం అలాంటి లాడాలు కొట్టించి ఉంచాడు. మినార్ పటం కింద ఉష్ణోగ్రతలు కూడా ఉంటాయి. డిసెంబరు 6న మైనస్ 30. అది రోమ్యూర్ కొలత, 1.25తో గుణిస్తే మైనస్ 37.5 సెల్సియస్.

అయితే చలి ఒకచోట తగ్గడం వల్లే ప్రాణం మీదకు వచ్చిందని ఎందరికి తెలుసు? నవంబరు చివర బెరెజినా నది గడ్డకట్టి ఉంటే నడిచి దాటేవాళ్లు. ఉన్నట్టుండి వాతావరణం వెచ్చబడి మంచు కరిగింది. బొరీసోవ్ వంతెన శత్రువు చేతికి చిక్కి నాశనమైంది. పడవ వంతెనల సామగ్రిని బరువని కొన్నాళ్ల ముందే ఓర్షా దగ్గర కాల్పించేశారు. అప్పుడు అక్కరకొచ్చింది జనరల్ ఎబ్లే మొండితనం. అంతా కాల్చమన్నా అతను రెండు కొలుములు, బొగ్గు, పనిముట్లు, మేకులు, ఇనప బద్దలు దాచి తెచ్చాడు. స్తుదియాంక ఊరి ఇళ్లు పీకి దూలాలు తీశారు. సుమారు 400 మంది వంతెన పనివాళ్లు మంచుముక్కలు కొట్టుకొస్తున్న నీళ్లలో గుండెలోతున నిలబడి, నవంబరు 26న ఒక్కోటి వంద మీటర్ల పైచిలుకు పొడవున రెండు వంతెనలు నిలబెట్టారు. ఒకటి కాలిబంటుకు, రెండోది ఫిరంగులకు, బండ్లకు. బరువు వంతెన మూడుసార్లు విరిగింది, మూడుసార్లూ మళ్లీ నీళ్లలోకే దిగారు. 29 ఉదయం శత్రువు దాటకుండా వాటిని తగలబెట్టినప్పుడు వేలమంది అవతలి ఒడ్డునే మిగిలిపోయారు. నీళ్లలో దిగిన పనివాళ్లలో బతికి ఇల్లు చేరినవాళ్లు బహు కొద్దిమంది. ఎబ్లే కూడా డిసెంబరు చివర కోనిగ్స్‌బర్గ్‌లో ప్రాణం విడిచాడు. నెపోలియన్ మాత్రం డిసెంబరు 5న సైన్యాన్ని వదిలి పారిస్ బయలుదేరాడు. ఆ 400 మంది గురించి పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలి.

ప్రశ్న: మెట్రిక్ పద్ధతి నెపోలియన్ కనిపెట్టిందేనా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

కాదు, అతను దాన్ని కొంత వెనక్కి లాగాడు కూడా. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతును మీటరు అనాలని 1791లో నిర్ణయించారు. అంత దూరం కొలవలేరు గనుక డన్‌కర్క్ నుంచి బార్సిలోనా దాకా కొలిచి మిగతాది గణించారు. ఉత్తర భాగం దెలాంబ్ర్, దక్షిణ భాగం మెషేన్ చేపట్టారు. ప్లాటినం బద్దలు వరుసగా పరిచి కొలిచింది రెండే రెండు ఆధార రేఖలు. మిగిలినదంతా చర్చి గోపురాలు, కొండకొమ్ముల మధ్య త్రిభుజాలు కట్టి కోణాలతో లాగిన లెక్క. ఏడాదిలో తేలుతుందనుకున్న పని ఆరేడేళ్లు పట్టింది. ప్లాటినం మీటరు కడ్డీని 1799 జూన్‌లో భద్రపరిచారు. భూమి ధ్రువాల దగ్గర ఎంత చదునో వేసిన అంచనా కొంచెం తప్పడంతో ఆ కడ్డీ 0.2 మి.మీ. పొట్టిదైంది. అందుకే ఆ దూరం పదివేల కిలోమీటర్లు కాక, సుమారు 10,002 కి.మీ.

జనం కొత్త పేర్లకు అలవాటు పడలేదు. 1812లో నెపోలియన్ పాత పేర్లను తిరిగి తెచ్చి, లీవ్రు (ఇక్కడ డబ్బు కాదు, అదే పేరున్న బరువు) అంటే 500 గ్రాములు, త్వాజ్ అంటే 2 మీటర్లు అని సర్దాడు. ఆ సర్దుబాటు రద్దయి మెట్రిక్ ఒక్కటే చెల్లుబాటయింది 1840 జనవరి 1 నుంచి. అంటే 1795 నాటి తొలి మెట్రిక్ చట్టం తర్వాత దాదాపు 45 ఏళ్లకు. వీశెలు, సేర్లు పోయి మన దగ్గర కిలోలు రావడానికి 1956 చట్టం తర్వాత పట్టిన కాలంతో పోల్చి చూడండి, మనవాళ్లే త్వరగా మారారు.

ప్రశ్న: యానాంలో కొన్ని కుటుంబాలకు ఫ్రెంచి చట్టం వర్తిస్తుందని విన్నాం. అదేమిటి? (అమలాపురం నుంచి ఒక న్యాయవాది)

అది 1804 మార్చి 21న వెలువడిన ఫ్రెంచి సివిల్ కోడు. పైన లెక్కగట్టిన 12వ సంవత్సరం 30 వాంతోజ్ ఇదే. 2,281 నిబంధనలు. అంతకుముందు ఫ్రాన్సు దక్షిణాన రోమన్ లిఖిత చట్టం, ఉత్తరాన ఊరూరికీ మారే ఆచారాలు. అందుకని ముసాయిదా సంఘంలో ఇద్దరు దక్షిణాది న్యాయవేత్తలను (పోర్తాలిస్, మాల్‌విల్), ఇద్దరు ఉత్తరాదివాళ్లను (త్రోన్‌షే, బిగో) వేశారు. నాలుగు నెలల్లో ముసాయిదా తయారైంది.

వారసత్వం ఎలా పంచిందో చూడండి. కొడుకూ కూతురూ అన్న తేడా లేదు. తండ్రి వీలునామాతో ఇష్టం వచ్చినట్టు ఇవ్వగలిగింది ఒక్క బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడో వంతు, ముగ్గురు అంతకు మించి ఉంటే నాలుగో వంతు. పన్నెండు ఎకరాలు, ముగ్గురు పిల్లలు అనుకుంటే మూడు ఎకరాలు ఆయన ఇష్టం, తొమ్మిది ముగ్గురికీ సమానం. 1804కు ఇది పెద్ద మాటే. అదే పుస్తకం 213వ నిబంధనలో భార్య భర్తకు విధేయురాలై ఉండాలంది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేసే, బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచి భార్యలకు 1965లో గానీ రాలేదు. కూతురిగా ఇచ్చిన సమానత్వాన్ని భార్యగా లాక్కున్న చట్టమిది, రెండూ కలిపే చెప్పాలి.

ఇక యానాం. ఫ్రెంచి ఇండియాలో హిందూ, ముస్లిం ఆచార చట్టాలను మామూలుగా అలాగే ఉంచారు. 1881 నాటి డిక్రీ ప్రకారం ఎవరైనా తమ వైయక్తిక చట్టాన్ని వదులుకుని సివిల్ కోడు కిందికి రావచ్చు. అలా వచ్చినవాళ్లను ‘రెనోన్సాన్’ అంటారు. పుదుచ్చేరి, యానాం ప్రాంతాలు భారత్‌లో కలిశాక కూడా వాళ్ల వారసులకు పెళ్లి, వారసత్వం విషయాల్లో ఆ కోడే వర్తిస్తూ వచ్చింది. కాబట్టి ఆస్తి పత్రాలు చూసేటప్పుడు ఆ కుటుంబం రెనోన్సాన్ అవునో కాదో ముందు తేల్చుకోండి. 1929 శారదా చట్టం ఫ్రెంచి నేల మీద చెల్లకపోవడంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్లు బాల్యవివాహాలకు యానాం వెళ్లేవారు. దానికి ‘కల్యాణపురం’ అన్న పేరు పడింది అందుకే.

ప్రశ్న: ఆస్ట్రియా రెండో ఫ్రాన్సిస్, మొదటి ఫ్రాన్సిస్ వేర్వేరు రాజులా? (తిరుపతి నుంచి ఒక విద్యార్థిని)

ఒక్కరే. పవిత్ర రోమన్ చక్రవర్తుల వరుసలో రెండో ఫ్రాన్సిస్. నెపోలియన్ చక్రవర్తి అవుతున్నాడని చూసి 1804లో ఆస్ట్రియా చక్రవర్తి అనే కొత్త బిరుదు పెట్టుకున్నాడు, ఆ వరుసలో మొదటివాడు. 1806 ఆగస్టు 6న పాత కిరీటం వదిలేసి ఆ సామ్రాజ్యాన్నే రద్దు చేశాడు. ఆ మధ్య రెండేళ్లు రెండూ అతనే.

ప్రశ్న: హైదరాబాద్ మూసారాంబాగ్‌కూ నెపోలియన్‌కూ సంబంధం ఉందని ఎవరో అన్నారు. నిజమా? (మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు)

నేరుగా లేదు, చుట్టు తిరిగి ఉంది. ఆ పేరు నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సైనికాధికారి మిషెల్ జోకిమ్ రేమాన్‌ది. ‘మస్య’ అన్న ఫ్రెంచి గౌరవవాచకం జనం నోట మూసా అయింది, రేమాన్ కాస్తా రామ్ అయింది. అతని చేతికింద సుమారు 14,000 మంది సైన్యం ఉండేది. 1798 మార్చిలో అతను చనిపోయాడు.

అదే ఏడాది జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కడి నుంచి భారతదేశం మీదికి వస్తాడన్న భయాన్ని గవర్నర్ జనరల్ వెలస్లీ గట్టిగా వాడుకున్నాడు. సెప్టెంబరు 1న నిజాం చేత సైన్య సహకార సంధి మీద సంతకం చేయించి, అక్టోబరులో ఆ ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించాడు. జీతాలు అందక సైనికులే తమ అధికారుల మీద తిరగబడి ఉండటంతో తుపాకి పేలకుండానే ఆయుధాలు దింపారు. కైరో నుంచి 1799 జనవరిలో నెపోలియన్ టిప్పు సుల్తాన్‌కు రాసిన ఉత్తరం దారిలోనే ఆంగ్లేయుల చేతికి చిక్కింది. మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. ముట్టడించిన బలగాల్లో నిజాం సైన్యం కూడా ఉంది.

రేమాన్ సమాధి మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నాలుగు పలకల రాతిస్తంభం, దాని మీద జె.ఆర్. అన్న పొడి అక్షరాలు కనిపిస్తాయి.